సామాన్యుని దర్శకుడు ఫ్రాంక్ కాప్రా

మనిషి చేసిన మంచి పనికి ఫలితం ఒక్కొక్కసారి వెంటనే లభించదు. హాలీవుడ్ దర్శకుడు ఫ్రాంక్ కాప్రా జీవితం ఇందుకు చక్కని నిదర్శనం.

ఆయన 1897 మే 18న ఇటలీ దేశపు సిసిలీ ద్వీపంలో, బిసాక్వీనో గ్రామంలోని ఒక పేద కుటుంబంలో జన్మించారు. 1903లో ఆ కుటుంబం ఓడలో చౌక తరగతి ప్రయాణికులుగా అమెరికా చేరి లాస్ ఏంజెలెస్ నగరంలో స్థిరపడింది. బాలుడైన కాప్రా వీధులలో వార్తాపత్రికలు అమ్మి ఇంటికి ఆసరా అయ్యారు. చదువు మాని సంపాదనలో పడమని ఇంటివారు కోరినా వినక, పనులు చేసుకుంటూనే త్రూప్ కళాశాలలో చదివి 1918లో రసాయన ఇంజనీరింగు పట్టా పొందారు. నేటి సుప్రసిద్ధ కాల్‌టెక్ విద్యాసంస్థ ఆ కళాశాలయే. చదువు ముగియక ముందే తండ్రి ప్రమాదంలో కన్నుమూశారు. పట్టా చేతికి వచ్చినా తగిన ఉద్యోగం దొరకలేదు. కొంతకాలం చిల్లర పనులతో పొట్ట పోసుకొని, 1922లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక లఘుచిత్రానికి దర్శకత్వం వహించి చలనచిత్ర రంగంలో అడుగుపెట్టారు.

ఆయన చేరేనాటికి కొలంబియా చిన్న సంస్థ. 1934లో ఆయన తీసిన 'ఇట్ హాపెన్డ్ వన్ నైట్' ఐదు ప్రధాన ఆస్కార్ బహుమతులను గెలిచి ఆ సంస్థ దశను మార్చివేసింది. 1956 నాటి హిందీ చిత్రం 'చోరీ చోరీ'కి ప్రేరణ ఇదే. 1936, 1938 సంవత్సరాల చిత్రాలకు కూడా కాప్రా ఉత్తమ దర్శకునిగా ఎన్నికయ్యారు. ఈ మూడింటికీ రచన చేసిన రాబర్ట్ రిస్కిన్‌కు ఈ విజయంలో గొప్ప భాగముంది. అధికారం, ధనం ఒకవైపు, నిజాయితీపరుడైన సామాన్యుడు మరొకవైపు నిలిచి పోరాడడమే వారి కథలలోని ఇతివృత్తం.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో సైన్యంలో చేరి, యుద్ధ కారణాలను సైనికులకు వివరించే ఏడు చిత్రాల నిర్మాణానికి ఆధిపత్యం వహించారు. స్వంత సంస్థను స్థాపించి, 1946లో 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్' అనే చిత్రాన్ని ఎంతో ప్రీతితో నిర్మించారు. తన బ్రతుకు వ్యర్థమని ఆత్మహత్యకు సిద్ధపడిన ఒక చిన్న పట్టణవాసికి, తాను పుట్టకపోయి ఉంటే ఎందరి జీవితాలు చీకటి అయ్యేవో ఒక దేవదూత చూపించడమే అందులోని కథ. ఆ చిత్రం పెట్టుబడిని రాబట్టలేకపోయింది. మరుసటి సంవత్సరమే సంస్థ చేతులు మారింది. ఆ తరువాత కాప్రా కీర్తి క్షీణించసాగింది. 1952లో మన దేశపు తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవానికి అమెరికా ప్రతినిధిగా విచ్చేశారు. 1961తో ఆయన కథాచిత్రాలు ముగిశాయి.

కాని కథ అక్కడితో ఆగలేదు. 1974లో ఆ చిత్రపు హక్కులను ఎవరూ పునరుద్ధరించుకోలేదు. దానితో టెలివిజన్ కేంద్రాలు ఏటా క్రిస్మస్ రోజులలో దానిని ప్రసారం చేయసాగాయి. ఒకనాడు ప్రజలు ఆదరించని చిత్రం ఇంటింటి చిత్రమైంది. 1991 సెప్టెంబరు 3న తన 94 ఏళ్ల వయసులో మరణించిన కాప్రా ఆ ఆదరణను కళ్ళారా చూశారు.

విద్యార్థి మిత్రులారా! తన విలువ తనకే తెలియని ఆ కథానాయకుని గతే ఆ చిత్రానికీ పట్టింది. ఒక్క పరీక్షా ఫలితంతో, ఒక్క ఓటమితో మన విలువను తేల్చుకోవడం తొందరపాటని ఈ జీవితగాథ మనకు బోధిస్తున్నది.