ఇసుకతో నీళ్లు వడగట్టిన ఇంజినీరు

వేసవిలో మా అనంతపురం వార్డుకు వాంతులు, విరేచనాలతో జనం వరుస కట్టినప్పుడల్లా నాకు మోక్షగుండం విశ్వేశ్వరయ్య గుర్తొస్తారు. ఆయన డాక్టరు కాదు, ఇంజినీరు. అయినా ఎన్ని ప్రాణాలు కాపాడారో!

1861లో ముద్దేనహళ్లిలో పుట్టారు. మన హిందూపురం దగ్గర సరిహద్దు దాటితే ఆ ఊరు ఎంతో దూరం కాదు. పూర్వీకులు తెలుగువారు, వాళ్ల ఊరు మోక్షగుండమే ఇంటిపేరైంది. పుణెలో చదివి 1884లో బొంబాయి ప్రభుత్వ కొలువులో చేరారు.

సుక్కూరు పట్టణానికి దిక్కు సింధు నది బురదనీరే. ఫిల్టర్లు కట్టే స్తోమత మున్సిపాలిటీకి లేదు. ఆయన నది గర్భంలోనే బావి తవ్వించారు. ఇసుకలోంచి ఊరిన నీరు తేటగా వచ్చింది.

1908లో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తాక నిజాం ప్రభుత్వం ఆయన్ను పిలిపించింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆయన ఆలోచనలే. అంతటితో ఆగక, నగరపు మురుగు పోయే దారికీ ప్రణాళిక ఇచ్చారు. మంచినీళ్లు తెచ్చి మురుగును వదిలేస్తే రోగం వీధిలోనే ఉంటుంది కదా! 1962లో, నూరేళ్లు నిండాక కన్నుమూశారు.

నాటి ఇసుక పనిని నేడు మెంబ్రేన్ పొర ఇంకా సూక్ష్మంగా చేస్తోంది. మురుగులోని మలినాన్ని ముందు సూక్ష్మజీవులు తింటాయి; తర్వాత అల్ట్రాఫిల్ట్రేషన్ పొర బ్యాక్టీరియాను ఆపుతుంది. కరిగిన ఉప్పు, ఫ్లోరైడు పోవాలంటే ఆర్వో పొర కావాలి. ఇలా శుద్ధి చేసిన మురుగునీటిని తాగొద్దు. మరుగుదొడ్లకు, చెట్లకు వాడుకుంటే చాలు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే పడే మన జిల్లాలో ఆ మేరకు తాగునీరు మిగులుతుంది.