కోలాటములో వాక్యము: డోర్నకల్ బిషప్ అజరయ్యగారు

వేదనాయకము శామ్యూలు అజరయ్యగారు 1874లో తిరునెల్వేలి సీమలో ఒక పల్లె గురువుగారి కుమారుడుగా జన్మించిరి. 1895 మొదలు వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా యువజనుల మధ్య పనిచేసిరి. 1909లో ఆ ఉద్యోగము విడిచి, తమ మాతృభాష కాని తెలుగు నేర్చుకొని, నైజాము రాజ్యములోని డోర్నకల్ లో సేవ ప్రారంభించిరి. 1912 డిసెంబరు 29న బిషప్పుగా అభిషేకింపబడిరి. ఆంగ్లికను సంఘమునకు భారతీయులలో ఆయనే మొదటి బిషప్పు.

ఆయన మందలో అత్యధికులు మాల మాదిగ పల్లెల కూలివారు. బైబిలు చేతికిచ్చినను చదువలేరు. మనవంటి గురువులమైతే ప్రసంగమును మరికొంత పొడిగించియుందుము! ఆయన పల్లెవారికి వచ్చిన భజనను, కోలాటమును, నాటకమును వాక్యబోధకు వాడుటను ప్రోత్సహించిరి. కోలాటములో ఒకడు అడుగు తప్పిన వలయమంతయు చెడును. గనుక పడుచువాండ్రు పాటను, పాటలోని బైబిలు కథను ఒకరికొకరు నేర్పుకొనక తప్పదు. ఆదివారపు బడిలో వెనుక కూర్చుండి కునుకు తీయువానికి అక్కడ చోటు లేదు.

బాప్తిస్మము పొందువారు తలపై చేయి ఉంచుకొని, సువార్త ప్రకటింపనియెడల తమకు శ్రమయని ఒప్పుకొనునట్లు ఆయన నేర్పిరి (1 కొరింథీ. 9:16). అక్షరము రానివాడును ఆ వాక్యమును మరువడు.

మన తిరుపతి, చిత్తూరు పల్లెలలోను కోలాటము తెలియనివారు లేరు. అయినను గుడి ముంగిట కోలలు కనబడగానే, అది అన్యుల ఆటయని మన పిల్లలను ఆపు పెద్దలు కొందరు కలరు. మందసము ఎదుట నాట్యమాడిన దావీదును కిటికీలోనుండి చూచి హీనపరచినది ఎవరో వారు చదువుకొందురు గాక (2 సమూ. 6:16). 1939లో ప్రతిష్ఠింపబడిన డోర్నకల్ దేవాలయములో హిందూ, ముసల్మాను కట్టడపు రీతులు కలిసి ప్రభువు నామమునకే నిలిచియున్నవి. దానిని కట్టించిన అజరయ్యగారు 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించిరి.