రక్షణ పద్దును ప్రశ్నించిన రైతునాయకుడు – ఆచార్య రంగా

ఆచార్య రంగాగారి పేరు వినని విద్యార్థి గుంటూరు, ప్రకాశం మండలాలలో ఉండడు. వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి పేరు మీదనే నడుస్తున్నది. రైతుసంఘాల సభలలో నేటికీ వారి చిత్రపటానికి పూలమాల పడుతుంది. అయితే రైతునాయకుడనే బిరుదు ఎంత పెద్దదంటే, ఆ బిరుదు నీడలో వారి జీవితంలోని మరొక ముఖ్యభాగం మరుగున పడిపోయింది. దేశరక్షణ కోసం ఖర్చయ్యే ధనాన్ని గూర్చి ప్రజాప్రతినిధులకు ప్రశ్నించే అధికారం ఉన్నదా, ఉంటే ఎంతవరకు అనే సమస్యతో వారి శాసనసభా జీవితం మొదటినుండి చివరివరకు పెనవేసుకొని ఉన్నది. ఆ కోణం నుండి వారి చరిత్రను మన విద్యార్థులకు పరిచయం చేయటమే మా ఉద్దేశ్యం.

ఈ సంచికలో ఉర్దూ పుటలు చదివేవారికి, తెలుగు పుటలు చదివేవారికి సమానంగా తెలిసిన మాట ఒకటున్నది. అది జమాఖర్చు. కిస్తు, రసీదు, జమాబందీ, బాకీ, వసూలు – లెక్కకు సంబంధించిన ఇట్టి మాటలెన్నో రెండు భాషలకూ ఉమ్మడి ఆస్తి. పల్లెలో కరణంగారి వద్దనైనా, పట్టణంలో మిర్చి కొట్లలోనైనా లెక్క చూపమని అడగటాన్ని ఎవరూ తప్పుగా భావించరు. ఆ అడిగే చోటు ఢిల్లీ అయి, అడిగే లెక్క ఫిరంగులది అయినప్పుడు మాత్రం అడిగినవాని దేశభక్తిని శంకించటం పరిపాటి. రంగాగారి కథ అక్కడనే మొదలవుతుంది.

గోగినేని రంగనాయకులుగారు 1900 నవంబరు 7వ తేదీన పొన్నూరు ప్రక్కనున్న నిడుబ్రోలులో రైతుకుటుంబంలో జన్మించారు. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో చదివి, ఇంగ్లండు వెళ్ళి ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రం అభ్యసించి 1926లో బి.లిట్. పట్టా పొందారు. తిరిగివచ్చి మద్రాసు పచ్చయప్ప కళాశాలలో అర్థశాస్త్రాచార్యులుగా పనిచేశారు. ఆచార్య అనే మాట వారి పేరుకు ముందు చేరి, పేరులో భాగమైపోయింది ఆ ఉద్యోగం వల్లనే. 1930లో గాంధీజీ పిలుపు విని జాతీయోద్యమంలోకి వచ్చారు. 1933 ప్రాంతంలో శిస్తు భారానికి వ్యతిరేకంగా కోస్తా జిల్లాల రైతులను కూడగట్టారు. నిడుబ్రోలులో రైతుకార్యకర్తల శిక్షణకై విద్యాలయం నెలకొల్పారు. 1936లో ఏర్పడిన అఖిలభారత కిసాన్ సభ వ్యవస్థాపకులలో వారొకరు. ఇవన్నీ అందరూ ఎరిగినవే కనుక ఇంతటితో ముగిస్తాము.

1930 దశకంలో రంగాగారు అడుగుపెట్టిన కేంద్ర శాసనసభ ఎట్టిదో కొంత వివరించవలసి ఉన్నది. 1919 నాటి చట్టం ప్రకారం బడ్జెటులోని పద్దులు రెండు రకాలు. కొన్నిటిపై సభ్యులు ఓటు వేయవచ్చు. కొన్నిటిపై ఓటు లేదు. సైనికవ్యయం ఆ రెండవ తరగతికి చెందినది. కేంద్రప్రభుత్వ వ్యయంలో సగానికి దగ్గరగా ఉన్న ఆ మొత్తాన్ని తగ్గించమని చెప్పే అధికారం ఎన్నికైన సభ్యునికి లేదు. ఆ సైన్యాన్ని భారతదేశపు అవసరాలకే కాక సామ్రాజ్యపు అవసరాలకు కూడ వాడుకునేవారు. దారి మూసినప్పుడు ప్రక్కదారి వెదకటం సభ్యులకు అలవాటైంది. సైనికశాఖ కార్యాలయపు ఖర్చు వంటి చిన్న పద్దు ఓటుకు వచ్చినప్పుడు దానిపై నూరు రూపాయల కోత తీర్మానం పెట్టి, ఆ నెపంతో మొత్తం సైనికవిధానాన్ని చర్చించేవారు. ఆర్థిక బిల్లును సభ ఒకటికంటె ఎక్కువసార్లు తిరస్కరించింది. అయినా వైస్రాయి తన ప్రత్యేకాధికారంతో దానిని ధ్రువీకరించి అమలుపరచేవాడు. సత్యమూర్తి, భూలాభాయి దేశాయి వంటి మహావక్తల సరసన కూర్చుండి రంగాగారు నేర్చుకొన్న పాఠశాల అది. ఓటు లేని చోట కూడ మాట విలువ తగ్గదని అక్కడ తెలిసింది. మాట ఎంత బలమైనదైనా ఓటుకు సాటిరాదని కూడ అక్కడనే తెలిసింది.

ఆ సైనికవ్యయం మన నేలను ఎట్లా తాకిందో చెప్పటానికి ఒక్క ఉదాహరణ చాలు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1943లో, కేంద్రప్రభుత్వం పొగాకుపై ఎక్సయిజు సుంకాన్ని విధించింది. యుద్ధపు ఖర్చుకు రాబడి కావలసి వచ్చింది. వర్జీనియా పొగాకుకు గుంటూరు సీమ దేశంలోనే పెద్ద కేంద్రం. చీరాల, ఒంగోలు, గుంటూరు చుట్టుప్రక్కల పల్లెలలో నల్లరేగడి మీద పెరిగిన ఆకు బ్యారన్లలో పండి పసుపురంగు తిరిగేసరికి, సర్కారు లెక్కకు కూడ ఎక్కవలసివచ్చేది. రాత్రింబవళ్ళు బ్యారన్ మంట కాచిన కూలీకిగాని, ఆకు మొక్కను కన్నబిడ్డవలె పెంచిన రైతుకుగాని, ఆ సుంకం ఏ యుద్ధరంగంలో ఏ తుపాకీగుండుగా మారిందో తెలిసే అవకాశం లేదు. యుద్ధం ముగిసింది. సుంకం ముగియలేదు. పచ్చి ఆకుపై ఆ భారం 1979 వరకు ఏదో ఒక రూపంలో నిలిచి ఉన్నది.

స్వాతంత్ర్యం వచ్చింది. రంగాగారు రాజ్యాంగసభ సభ్యులైనారు. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం పాత భేదాన్ని తుడిచివేసింది. రక్షణశాఖ పద్దులు కూడ లోకసభ ఓటుకు రావలసినవే అయ్యాయి. ఖర్చయిన ధనాన్ని తనిఖీ చేయటానికి కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్, ఆ తనిఖీ నివేదికను పరిశీలించటానికి ప్రభుత్వ లెక్కల సంఘం, ఖర్చు కానున్న దానిలో పొదుపుకు వీలున్నదా అని చూడటానికి అంచనాల సంఘం ఉన్నాయి. 1950లో ఏర్పడిన ఈ అంచనాల సంఘానికి తొలి అధ్యక్షులు మన రాయలసీమకు చెందిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు కావటం తెలుగువారు గర్వించదగిన విషయం.

అధికారం చేతికి రాగానే అలవాటు రాదు. 1948లో లండనులోని మన హైకమిషనర్ కార్యాలయం ద్వారా సైన్యానికి జీపులు కొనే ఒప్పందం కుదిరింది. అప్పటి హైకమిషనర్ శ్రీ వి.కె.కృష్ణమేనన్. వచ్చిన జీపులు 155 మాత్రమే. అవి కూడ పనికిరానివని సైన్యం తేల్చింది. లెక్కల సంఘం విచారణ కోరింది. చివరకు 1955 సెప్టెంబరులో హోంమంత్రి శ్రీ గోవిందవల్లభ పంత్ ఈ వ్యవహారం ముగిసినట్లేనని ప్రకటించారు. మరునాటి సంవత్సరంలో మేనన్‌గారు కేంద్రమంత్రి అయినారు. 1957లో రక్షణశాఖనే చేపట్టారు. సంఘం చూపగలిగింది తప్పును. శిక్షించే శక్తి సంఘానికి లేదు. ప్రభుత్వానికి మనసు లేకపోతే నివేదిక అలమారలోనే ఉంటుంది.

1957లో రంగాగారు తెనాలి నుండి కాంగ్రెసు పక్షాన లోకసభకు ఎన్నికైనారు. అదే ఎన్నికలో గుంటూరు నుండి గెలిచిన శ్రీ కొత్త రఘురామయ్యగారు మేనన్‌గారి క్రింద రక్షణశాఖ ఉపమంత్రి అయినారు. సంగంజాగర్లమూడి వాస్తవ్యులైన రఘురామయ్యగారు బారిష్టరు, నిదానస్థుడు. ఒకే జిల్లా నేలనుండి వెళ్ళిన ఇద్దరు త్వరలోనే సభలో ఎదురెదురు బల్లల మీద కూర్చుండవలసి వచ్చింది. 1959 జనవరిలో నాగపూరు కాంగ్రెసు సహకార వ్యవసాయాన్ని ఆమోదించింది. రైతు భూమి రైతు చేతిలో నిలవదనే భయంతో రంగాగారు కాంగ్రెసును విడిచి, రాజాజీతో కలిసి ఆ సంవత్సరమే స్వతంత్ర పార్టీని స్థాపించి దానికి అధ్యక్షులైనారు. 1962 సాధారణ ఎన్నికలలో ఆ పార్టీకి 18 లోకసభ స్థానాలు లభించాయి. అయ్యంగారు బీహారు గవర్నరుగా వెళ్ళగా ఖాళీ అయిన చిత్తూరు స్థానంనుండి ఉపఎన్నికలో రంగాగారు గెలిచి సభలో ప్రవేశించారు.

ఆ సంవత్సరం అక్టోబరులో చైనా సేనలు సరిహద్దు దాటి వచ్చాయి. మంచుకొండల మీద తగిన ఉన్నిదుస్తులు, తగిన ఆయుధాలు లేక మన జవానులు నేలకొరిగారు. దేశమంతా ఒక్కటై నిలిచింది. రంగాగారి పార్టీ కూడ ప్రభుత్వానికి అండగా నిలిచింది. నవంబరు 14న శత్రువును తరిమివేస్తామని చేసిన తీర్మానాన్ని సభ్యులందరూ లేచి నిలబడి ఆమోదించారు. అయితే అండగా నిలవటం వేరు, లెక్క అడగకుండా ఉండటం వేరు. ఏళ్ళ తరబడి పద్దులు ఆమోదించిన సభకు సైన్యం చలికోటు లేకుండా ఉన్నదని ముందుగా ఎందుకు తెలియలేదు? రక్షణశాఖ ప్రశ్నలకు ప్రజాహితం దృష్ట్యా చెప్పటం వీలుకాదనే సమాధానం ఎన్నిసార్లు అడ్డువచ్చింది? మేనన్ రాజీనామాను కోరినవారిలో స్వతంత్ర పార్టీ ముందువరుసలో ఉన్నది. కాంగ్రెసులోనే అసంతృప్తి పెల్లుబికిన మీదట నవంబరు 7న ఆయన మంత్రిపదవిని వదలుకొన్నారు. యాదృచ్ఛికమే కావచ్చు, ఆ దినం రంగాగారి అరువదిరెండవ జన్మదినం. మేనన్‌గారికి న్యాయంగా ఒక మాట చెప్పాలి. దేశంలోనే ట్రక్కులు, విమానాలు తయారుచేయించే ప్రయత్నాలను బలపరచినది కూడ ఆయనే. ప్రత్యర్థులు ఆ సంగతిని తరచు మరచిపోయారు.

పరాజయకారణాలపై హెండర్సన్ బ్రూక్స్ అనే సేనాని విచారణ జరిపి నివేదిక సమర్పించారు. కొత్త రక్షణమంత్రి శ్రీ చవాన్ 1963 సెప్టెంబరు 2న దాని సారాంశాన్ని మాత్రమే సభకు వినిపించారు. పూర్తి నివేదికను ఏ ప్రభుత్వమూ సభముందు పెట్టలేదు.

1963–64 బడ్జెటులో రక్షణకు 867 కోట్ల రూపాయలు కేటాయించారు. ముందు సంవత్సరపు తొలి అంచనాకు ఇది రెండింతలకు పైమాట. దీనికై శ్రీ మొరార్జీ దేశాయి కొత్త పన్నులు వేశారు. నిర్బంధ డిపాజిట్ పథకం పెట్టి భూమిశిస్తు చెల్లించే రైతును కూడ దానిలోకి లాగారు. బంగారం నియంత్రణ వల్ల ఊరూర కంసాలుల కొలిమి చల్లారింది. రంగాగారు, వారి పార్టీ ఈ భారాలను తీవ్రంగా ఎదిరించారు. అదే ఆగస్టులో ఆచార్య కృపలానీ నెహ్రూ ప్రభుత్వంపై తొలి అవిశ్వాసతీర్మానం తెచ్చినప్పుడు స్వతంత్ర పార్టీ బలపరచింది. 62 ఓట్లు అనుకూలంగా, 347 ప్రతికూలంగా వచ్చాయి. తీర్మానం ఓడిపోయింది. కాని నాలుగు రోజులపాటు ప్రభుత్వం సమాధానం చెప్పుకోక తప్పలేదు. శిస్తుదారులపై డిపాజిట్ భారం ఎక్కువకాలం నిలవలేదు.

ఇక్కడ రంగాగారి వాదంలో ఒక చిక్కు ఉన్నదని మాకు తోస్తుంది. సైన్యం బలహీనంగా ఉన్నదని నిందించినవారే, దానికై పన్ను వేస్తే కాదన్నారు. రెండూ ఒకేసారి ఎట్లా సాధ్యం? పాశ్చాత్యరాజ్యాలతో సన్నిహితమై వారి ఆయుధసహాయం పొందాలన్నది స్వతంత్ర పార్టీ సమాధానం. వృథాను అరికట్టి, ప్రభుత్వ పరిశ్రమలపై పెట్టే ధనాన్ని తగ్గించుకోవాలన్నది మరొక సమాధానం. మొదటిదానిని మేము అంగీకరించలేము. అరువు తెచ్చిన ఆయుధంతో పాటు అరువిచ్చినవాని షరతు కూడ వస్తుందని తరువాతి చరిత్ర చూపింది. 1965 యుద్ధంలో అమెరికా ఆయుధసహాయం నిలిపివేసిన సంగతి తెలిసినదే. రెండవదానిలో మాత్రం గట్టి సత్యమున్నది. ఎంత ఖర్చు పెట్టారనేది ఒక ప్రశ్న. పెట్టిన ఖర్చుకు జవాను చేతికి ఏమి అందిందనేది వేరొక ప్రశ్న. బడ్జెటు పుస్తకంలో మొదటిదానికి అంకె దొరుకుతుంది. రెండవదానికి అడిగితేనే దొరుకుతుంది. 1962లో దేశం దెబ్బతిన్నది ఈ రెండవ ప్రశ్న దగ్గరనే.

1967 ఎన్నికలలో స్వతంత్ర పార్టీ 44 స్థానాలు గెలిచి లోకసభలో పెద్ద ప్రతిపక్షమైంది. రంగాగారు శ్రీకాకుళం నుండి ఎన్నికైనారు. ఆ సంవత్సరమే ఒక మంచి సంప్రదాయం మొదలైంది. అంతవరకు పాలకపక్షానికే చెందిన లెక్కల సంఘాధ్యక్ష పదవి తొలిసారిగా ప్రతిపక్షానికి, స్వతంత్ర పార్టీకి చెందిన శ్రీ మీనూ మసానీకి లభించింది. తన ఖర్చును తానే తనిఖీ చేసుకొనే పద్ధతి పోయి, ఎదుటివాడు తనిఖీ చేసే పద్ధతి వచ్చింది. ఆ సంప్రదాయం నేటికీ నిలిచి ఉన్నది. స్వతంత్ర పార్టీ మాత్రం నిలువలేదు. 1972లో రంగాగారు తిరిగి కాంగ్రెసులో చేరారు. ఇందుకు వారిని మెచ్చుకొన్నవారున్నారు, నిందించినవారున్నారు.

1980లో గుంటూరు ప్రజలు వారిని లోకసభకు పంపారు. రఘురామయ్యగారు అయిదు ఎన్నికలలో వరుసగా గెలిచిన స్థానమది. ఆయన 1979లో మరణించారు. 1984లోను, 1989లోను అక్కడనే రంగాగారు తిరిగి గెలిచారు. ఆ కాలంలోనే బోఫోర్స్ వ్యవహారం దేశాన్ని కుదిపివేసింది. 1986 మార్చిలో స్వీడను కంపెనీతో 400 ఫిరంగులకు 1,437 కోట్ల రూపాయల ఒప్పందం జరిగింది. ముడుపులు చెల్లించారని 1987 ఏప్రిల్‌లో స్వీడిష్ రేడియో ప్రకటించింది. సంయుక్త పార్లమెంటరీ సంఘాన్ని నియమించారు. ప్రతిపక్షాలలో అధికభాగం దానిని బహిష్కరించాయి. 1989లో ఆడిటర్ జనరల్ నివేదిక ఒప్పందం జరిగిన తీరును తప్పుపట్టగా, ప్రతిపక్ష సభ్యులు పెద్దసంఖ్యలో లోకసభకు రాజీనామాలిచ్చారు. ఒకనాడు ప్రశ్నించే బల్లల మీద ఉన్న రంగాగారు ఈసారి జవాబు చెప్పే ప్రభుత్వపక్షాన ఉన్నారు. జీవితచరిత్ర వ్రాసేవారు దీనిని దాచరాదు. ఫిరంగి మంచిదే కావచ్చు, 1999లో కార్గిల్ కొండల మీద అది బాగా పనిచేసింది కూడ. వస్తువు మంచిదైనంత మాత్రాన కొనుగోలు లెక్క సక్రమమైనట్లు కాదు. ఇది మిర్చి కొట్లో గుమాస్తాకు కూడ తెలిసిన సంగతి.

1991లో రంగాగారు పార్లమెంటు నుండి విరమించారు. ఆ సంవత్సరమే పద్మవిభూషణ్ లభించింది. 1993లో పార్లమెంటు శాఖలవారీగా స్థాయీసంఘాలను ఏర్పాటుచేసింది. రక్షణశాఖకు కూడ ఒక సంఘం వచ్చింది. సభలో చర్చకు కాలం చాలక పద్దులు గంపగుత్తగా ఆమోదం పొందే రోజున కూడ, ఆ సంఘపు గదిలో అధికారులను పిలిచి ప్రశ్నించే వీలు కలిగింది. వైస్రాయి కాలంలో నూరు రూపాయల కోత తీర్మానాలతో తలపడిన సభలో కూర్చున్న పెద్దాయన ఆ ఏర్పాటును నిడుబ్రోలు నుండి చూశారు. 1995 జూన్ 9న తమ తొంబదియైదవ ఏట కన్నుమూశారు.