సలీం అలీ – భరత్‌పూర్ మడుగులు

కిందటి పాఠంలో ఆహారపు గొలుసు గురించి చదివారు. ఒక మెట్టులోని శక్తిలో దాదాపు పదోవంతు మాత్రమే పై మెట్టుకు చేరుతుందని తెలుసుకున్నారు. ఆ గొలుసులో ఒక లంకెను మనిషి తీసివేస్తే ఏమవుతుంది? పక్షుల శాస్త్రజ్ఞుడు సలీం అలీ జీవితంలో దీనికి జవాబు ఉంది.

ఆయన 1896 నవంబరు 12న బొంబాయిలో జన్మించారు. పసితనంలోనే తల్లిదండ్రులు పోగా మేనమామ ఇంట పెరిగారు. చిన్ననాడు గాలితుపాకితో ఒక పిచ్చుకను కొట్టారు. దాని గొంతుపై పసుపు మచ్చ ఉంది. అదేమి పక్షో అడగడానికి బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి వెళ్ళారు. అక్కడి కార్యదర్శి మిల్లార్డ్ పక్షి పేరు చెప్పి ఊరుకోలేదు, సంఘం సేకరించిన రకరకాల పక్షులను చూపించారు. అబ్బాయి దారి ఆనాడే మళ్ళింది.

ఆయనకు విశ్వవిద్యాలయ పట్టా లేదు. మ్యూజియంలో గైడుగా పనిచేశారు. జర్మనీలో శిక్షణ పొంది 1930లో తిరిగివచ్చేసరికి ఆ ఉద్యోగం రద్దయింది. సముద్రతీరాన కిహిం గ్రామంలో కాపురముండి గిజిగాళ్ళను గమనించారు. మగపక్షి గూడు సగం అల్లి ఆగుతుంది. ఆడపక్షి వచ్చి చూసి, దానికి నచ్చితేనే మగపక్షి మిగతా సగం అల్లుతుంది. ఆడపక్షి గుడ్లు పెట్టగానే మగపక్షి మరో గూడు మొదలుపెడుతుంది. ఉద్యోగం ఉండి ఉంటే ఇదంతా చూసే తీరిక ఆయనకు దొరికేదా? ఆ తరువాత హైదరాబాదు సంస్థానంలోనూ పక్షుల సర్వే జరిపారు.

ఇప్పుడు రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కు వద్దాం. అక్కడి మడుగులు ఒకప్పుడు మహారాజుల వేటస్థలం. 1938 నవంబరులో ఒక్కరోజునే నాలుగు వేలకు పైగా పక్షులను కాల్చారు. వేట ఆగి, ఆ చోటు పక్షులకు దక్కడంలో సలీం అలీ కృషి ఎంతో ఉంది.

చుట్టుపక్కల గ్రామాల గేదెలు అందులో మేసేవి. మేత వల్ల పక్షులకు హాని అని సలీం అలీ, ఇతర నిపుణులు భావించారు. 1982లో మేతను నిషేధించారు. గేదెలే ఆధారమైన గ్రామస్తులు ఎదురుతిరిగారు. పోలీసు కాల్పులలో కొందరు ప్రాణాలు కోల్పోయారు.

తరువాత ఏం జరిగింది? తినేవి లేక నీటిలో గడ్డి దట్టంగా పెరిగింది. తేటనీరు కనిపించే చోటు తగ్గింది. గడ్డిలోని శక్తి గేదెలకు చేరక అక్కడే కుళ్ళిపోయింది. గేదెల పేడ నీటికి ఎరువయ్యేది, అదీ ఆగింది. చేపలు తగ్గాయి, ఈదే బాతులకు నీరు ఇరుకైంది. లోతు తక్కువ నీటిలో దుంపలు తవ్వుకునే సైబీరియా కొంగలకూ మేత కష్టమైంది. గేదె కూడా ఆ ఆవరణ వ్యవస్థలో వినియోగదారే! గ్రామస్తులు కోరింది మేత మాత్రమే కావచ్చు. అయినా మడుగుకు కావలసిందీ అదే.

గడ్డిని తగ్గించడానికి గ్రామస్తులనే లోపలికి రానిచ్చి కోసుకోనిచ్చారు. మేత ఆపడం పక్షులకు మేలు చేయలేదని తేల్చింది ఎవరో కాదు, సలీం అలీ జీవితమంతా పనిచేసిన బొంబాయి సంఘమే. పదేళ్ళు సాగిన ఆ అధ్యయనం ముగిసేనాటికి ఆయన లేరు. 1987 జూన్ 20న కన్నుమూశారు.