హోమీ జహంగీర్ భాభా

కామాఠీపురము చాళ్లలో నివసించు మనకు నీటి విలువ ఎవరును బోధింపనక్కరలేదు. చంద్రునిపై నీటిజాడ యున్నదని వినగానే విద్యార్థులు అడుగు ప్రశ్న ఒక్కటే: మట్టి త్రవ్వకయే అది ఎట్లు తెలిసినది? అందుకు ఆధారమైన విశ్వకిరణములు, న్యూట్రాన్లు అను రెండును ఈ నగరముననే పుట్టిన ఒక మహనీయుని జీవితకృషిలో కానవచ్చును.

హోమీ భాభా 1909 అక్టోబరు 30వ తేదీన బొంబాయిలో ఒక పార్సీ కుటుంబమున జన్మించిరి. కుమారుడు ఇంజనీరై జంషెడ్‌పూరు ఉక్కు కర్మాగారమున చేరవలెనని తండ్రిగారి కోరిక. 1927లో కేంబ్రిడ్జి చేరిన కుమారుని మనస్సు మాత్రము భౌతికశాస్త్రముపై లగ్నమైనది. ఇంజనీరింగులో ప్రథమశ్రేణి సాధించినచో గణితము చదువవచ్చునని తండ్రి ఒప్పుకొనిరి. 1930లో కుమారుడు మాట నిలుపుకొనిరి. తల్లిదండ్రులు ఇట్టి ఒడంబడిక చేసికొనుట మేలని నా అభిప్రాయము.

అంతరిక్షమునుండి నిత్యము వర్షించు కణములే విశ్వకిరణములు. అవి వాయుమండలమున ప్రవేశించి కణముల జల్లుగా ఎట్లు మారునో 1937లో భాభా, హైట్లరు అను శాస్త్రజ్ఞునితో కలసి గణితముద్వారా వివరించిరి. 1939లో సెలవులకు స్వదేశము రాగా యుద్ధము ఆరంభమాయెను. తిరిగిపోవుటకు వీలులేక బెంగుళూరులో సి.వి. రామన్ గారి శాఖలో చేరిరి. యుద్ధము ముగిసినను మరల వెళ్లిపోక, 1945లో టాటా పరిశోధనసంస్థను స్థాపించిరి.

ఆయన నాయకత్వమున 1956 ఆగస్టు 4న ట్రాంబేలో అప్సర రియాక్టరు పనిచేయ నారంభించెను. దాని గర్భము నీటికొలనులో మునిగియుండెను. యురేనియము పగిలినపుడు వెలువడు న్యూట్రాన్లు అతివేగముగా పోవును. వాటిని నెమ్మదింపజేయునది ఆ నీరే. గోలీలాడు బాలురకు ఇందలి కిటుకు తెలియును. గోలీ గోడకు తగిలినచో వేగముతోనే వెనుకకు వచ్చును. తనంత బరువుగల గోలీకి సూటిగా తగిలినచో, వేగమును దానికిచ్చి తాను నిలిచిపోవును. నీటిలోని హైడ్రోజను కేంద్రకము బరువు న్యూట్రాను బరువునకు ఇంచుమించు సమానము.

ఈ ధర్మమే చంద్రునివద్ద అక్కరకు వచ్చెను. అచ్చట మనకున్నట్టి వాయుమండలము లేదు. విశ్వకిరణములు నేరుగా నేలను తాకి మట్టినుండి న్యూట్రాన్లను ఎగురగొట్టును. హైడ్రోజనున్న చోట, పైకి వచ్చు వేగవంతమైన న్యూట్రాన్ల సంఖ్య తగ్గును. 1998లో లూనార్ ప్రాస్పెక్టరు అను అమెరికా నౌక చంద్రుని చుట్టును తిరుగుచు ధ్రువములవద్ద ఈ తగ్గుదలను కనుగొనెను. హైడ్రోజను కలదని మాత్రమే ఈ పద్ధతి చెప్పగలదు. ఎండ సోకని గుంటలలో అది మంచురూపమున నుండునని శాస్త్రజ్ఞులు తలచిరి. 2008లో బయలుదేరిన మన చంద్రయాన్-1 నౌకపైని అమెరికా పరికరము వేరొక మార్గమున, నేలనుండి ప్రతిఫలించిన సూర్యకాంతిలో, నీటి ఆనవాలు పట్టెను.

భాభా ఇవేవియు చూడలేదు. 1966 జనవరి 24న ఆయన వియన్నాకు పయనించుచున్న ఎయిర్ ఇండియా విమానము ఆల్ప్స్ పర్వతములలో మాంట్ బ్లాంక్ శిఖరమువద్ద కూలిపోయెను. అప్పటికి ఆయన వయస్సు 56 సంవత్సరములు. మరుసటి యేడు ట్రాంబే అణుకేంద్రమునకు ఆయన పేరు పెట్టిరి.