మంటలోంచి తీసిన కాగితాలు

జోరా నీల్ హర్‌స్టన్ పుట్టింది 1891లో, అలబామాలో. కానీ తను ఫ్లోరిడాలోని ఈటన్‌విల్‌లోనే పుట్టానని చెప్పుకునేది. నల్లజాతివాళ్లు తమను తామే పాలించుకున్న చిన్న ఊరది. వాళ్ల నాన్న అక్కడ మేయర్‌గా కూడా చేశాడు. ఊళ్లో కొట్టు అరుగు మీద పెద్దవాళ్లు పోటీపడి కోతలు కోస్తుంటే ఈమె చెవులు రిక్కించి వినేది.

పదమూడేళ్లకే అమ్మ పోయింది, చదువు ఆగిపోయింది. 26 ఏళ్లప్పుడు వయసు పదేళ్లు తగ్గించి చెప్పి బాల్టిమోర్‌లో మళ్లీ స్కూల్లో చేరింది! (మనవాళ్ల సర్టిఫికెట్ పుట్టినరోజులు గుర్తొచ్చాయి.) తర్వాత న్యూయార్క్‌లో ఆంత్రోపాలజీ చదివి, 1927లో జానపద కథలు సేకరిద్దామని ఫ్లోరిడా వెళ్లింది. ఆ ట్రిప్ దాదాపు ఫెయిల్. కాలేజీ యాసలో వచ్చి మీ దగ్గర కథలున్నాయా అని అడిగితే ఎవరు చెప్తారు? ఆ తర్వాత పద్ధతి మార్చింది. కలప పనివాళ్ల క్యాంపుల్లో వాళ్లతోపాటే ఉండి, పాడి, ఆడి విన్నది. ఆ కథలే 1935లో ‘మ్యూల్స్ అండ్ మెన్’ పుస్తకంగా వచ్చాయి.

1960లో పేదరికంలోనే చనిపోయింది. 1973లో రచయిత్రి ఆలిస్ వాకర్ వెతుక్కుంటూ వచ్చి రాయి పెట్టించేదాకా సమాధి మీద పేరు కూడా లేదు. చనిపోయాక ఆమె సామాన్లు తగలబెడుతుంటే, అటుగా వెళ్తున్న తెలిసిన పోలీసాయన ఒకరు చూసి మంట ఆర్పేశాడు. ఆ కాగితాలు ఇప్పుడు ఫ్లోరిడా యూనివర్సిటీలో ఉన్నాయి. కొన్నింటి అంచులు కాలిపోయి ఉంటాయి.