పరదేశి యైన స్వదేశి

సికిందరాబాదునుండి ఓరుగల్లునకుఁ బోవు రైలుబండి జనగామ స్టేషనున నాఁగినపుడెల్ల మాకు డాక్టరు అఘోరనాథ చట్టోపాధ్యాయులవారు జ్ఞప్తికి వత్తురు. వారా మార్గమును వేయించినవారు కారు. దానిని గూర్చి ప్రశ్నించి దేశమునుండి వెడలఁగొట్టఁబడినవారు.

వీరు తూర్పు వంగమునందలి విక్రమపుర ప్రాంతపు బ్రాహ్మణులు, బ్రాహ్మసమాజమును నమ్మినవారు. ఎడింబరోలో చదివి 1877వ సంవత్సరమున శాస్త్రమునందు డాక్టరు బిరుదమును బడసిరి. సముద్రము దాఁటినవానిని కులమువారు వెలివేయుచుండిన కాలమది. స్వగ్రామమున నొకరి చేతినీరు మఱియొకరు ముట్టనివారైనను ఆ చలిదేశమున నడుగిడఁగానే అందఱును హిందూదేశస్థులే యగుదురు. తెల్లవాని కన్నులకు రాఢి, వైదికి, నియోగి భేదము కానరాదు గదా! అచ్చటఁ గలుగు నీ తెలివి పలువురకు ఓడ దిగఁగానే నశించును. చట్టోపాధ్యాయులవారికి నశింపలేదు.

నిజాము ప్రభుత్వమువారి పిలుపున వీరు హైదరాబాదునకు వచ్చిరి. ఇచటను వీరు పరదేశులే, సర్కారు భాషలో గైరుముల్కీలు. వీరు ప్రధానాచార్యులుగా నున్న కళాశాల 1887లో నిజాం కాలేజీ యయ్యెను. భార్య వరదసుందరీదేవితోఁ గూడి బాలికల విద్యకుఁ బాటుపడిరి. ఇంట దంపతులకు వంగభాష, బిడ్డలతోఁ దల్లికి హిందూస్తానీ, చదువునకు ఇంగ్లీషు. పండితుఁడు, మౌల్వీ, బిచ్చగాఁడు ఎవరు వచ్చినను ద్వారము తెఱచియే యుండెడిది. లోహములను బంగారము చేయు పిచ్చి మాత్రము వీరిని తుదివఱకు విడువలేదు. ధనమెంత వ్యయమైనను బంగారము రాలేదు.

1883లో చాందా రైలుమార్గపు వ్యవహారము పుట్టెను. లండను ధనికుల మూలధనముపై వడ్డీకి సర్కారు పూచీపడవలసియుండెను. ఆ షరతులను ప్రజలకుఁ దెలుపుఁడని వీరును ముల్లా అబ్దుల్ ఖయ్యూముగారును మఱికొందఱును అడిగిరి. తమ పన్నుతో వడ్డీ కట్టవలసిన జనగామ, మానుకోట రైతులలో నీ మాట నెఱిఁగినవారెందఱు? వారి పక్షమున లెక్క యడిగినవాఁడు గైరుముల్కీ! మేనెలలో నీయనను రాజ్యమునుండి వెడలఁగొట్టిరి. మార్గము 1886లో ఓరుగల్లునకును, 1889లో మానుకోట మీఁదుగా బెజవాడకును చేరెను. కాజీపేటనుండి చాందావైపు మార్గము 1929లోఁగాని పూర్తికాలేదు. భూపాలపల్లి యడవుల క్రింది బొగ్గు బయటఁబడినది మఱెంతో కాలమునకు.

కొన్నియేండ్లకు వీరిని మరలఁ బిలిచి కొలువొసఁగిరి. వెడలఁగొట్టిన యూరికి తిరిగివచ్చి పాఠము చెప్పుటకు గుండె కావలెను.

1872వ సంవత్సరపు వివాహచట్టము హైదరాబాదునందును వర్తింపవలెనని వీరు వాదించిరి. ఆ చట్టముక్రింద వధూవరులు తాము హిందువులము గామని ప్రమాణము చేయవలసియుండెను. ఆ షరతు కఠినమని న్యాయవాదులమైన మేమును ఒప్పుకొందుము. అయినను 1898లో మద్రాసున వీరి కుమార్తె సరోజిని ఆ చట్టము ననుసరించియే గోవిందరాజులు నాయఁడుగారిని వివాహమాడెను. వధువు వంగ బ్రాహ్మణకన్య, వరుఁడు ఎడింబరోలోనే వైద్యము చదివిన తెలుఁగువాఁడు, పెండ్లి జరిపించినవారు మన వీరేశలింగము పంతులుగారు.

చట్టోపాధ్యాయులవారు 1915లో కలకత్తాలోఁ గాలధర్మము నొందిరి. కుమార్తె హైదరాబాదుననే కాపురముండెను.